69 రావాలి, 55 వచ్చింది: ఫ్యాటీ యాసిడ్లు నేర్పే కొలత పాఠం



మీ పిల్లల సైన్స్ రికార్డు బుక్కు ఈ మధ్య ఎప్పుడైనా తెరిచి చూశారా? అట్ట మీద లేబుల్ చక్కగా ఉంటుంది. బొమ్మలు నీట్‌గా ఉంటాయి. టేబుల్‌లో అంకెలన్నీ టెక్స్ట్ బుక్కులో ఉన్నట్టే ఉంటాయి. చూడగానే మనకు సంతోషం వేస్తుంది. కానీ ఒక అంకె దగ్గర కాగితం రబ్బరుతో రుద్దిరుద్ది పలచబడి కనిపిస్తే మాత్రం కాస్త ఆగండి. అక్కడ ముందు ఇంకో అంకె ఉండేది. మీ అబ్బాయో అమ్మాయో థర్మామీటర్ మీద కళ్లారా చూసి వేసుకున్న అంకె అది. తర్వాత గైడ్ చూసో, పక్క బెంచీ బుక్కు చూసో దాన్ని చెరిపి "సరైన" అంకె వేశారు.

ఈ నెల పాఠం ఆ చెరిపేసిన అంకె గురించే. అందుకు ఒక మంచి ఉదాహరణ ఫ్యాటీ యాసిడ్ల మెల్టింగ్ పాయింట్ కొలవడం. హైస్కూల్ ల్యాబ్‌లో సులువుగా చేయగలిగిన ప్రయోగం ఇది. దీనికి కావలసిన తెలివి సగం మన వంటింట్లోనే ఉంది.

మీలో చాలామంది తెలుగు మీడియంలో చదువుకుని ఉంటారు. ద్రవీభవన స్థానం, గుప్తోష్ణం అన్న మాటలు గుర్తున్నాయా? మీ పిల్లలు మెల్టింగ్ పాయింట్, లేటెంట్ హీట్ అంటున్నవి అవే. కాబట్టి "మాకు ఇంగ్లిష్ మీడియం సైన్స్ తెలియదు" అనుకోకండి. ఈ పాఠం మీరు కూడా కూర్చుని చెప్పగలరు.

ఫ్యాటీ యాసిడ్ అంటే ఏమిటి?

మనం వాడే నూనె, నెయ్యి, వెన్న అన్నిటిలోనూ ముఖ్యంగా ఉండేవి ఫ్యాటీ యాసిడ్లు. నూనెలో ఇవి మూడేసి చొప్పున గ్లిజరాల్ అనే అణువుకు అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీస్తే ఫ్యాటీ యాసిడ్లు విడిగా దొరుకుతాయి.

ఒక ఫ్యాటీ యాసిడ్‌ను రైలు బండిలా ఊహించుకోమని పిల్లలకు చెబుతాం. ముందు ఇంజిన్ ఉంటుంది. అదే యాసిడ్ గుణం ఉన్న తల భాగం. వెనకాల కార్బన్ పెట్టెలు వరసగా ఉంటాయి. ఇంజిన్‌లోని కార్బన్‌తో కలిపి మొత్తం ఎన్ని కార్బన్లు ఉన్నాయన్నదే దాని పొడవు. సాధారణంగా 13 లేక అంతకంటే ఎక్కువ కార్బన్లు ఉంటే లాంగ్ చెయిన్ అంటారు. కొబ్బరి నూనెలో దాదాపు సగం ఉండే లారిక్ యాసిడ్‌కు 12 కార్బన్లు, అంటే అది సరిగ్గా ఆ గుమ్మం దగ్గర ఉంది. పామాయిల్‌లో ఎక్కువగా ఉండే పామిటిక్ యాసిడ్‌కు 16. కొవ్వొత్తుల్లో, సబ్బుల్లో వాడే స్టియరిక్ యాసిడ్‌కు 18.

ఇప్పుడు వీటి మెల్టింగ్ పాయింట్లు చూడండి. అన్నీ సెల్సియస్ డిగ్రీల్లో, దగ్గరి పూర్ణాంకానికి ఇస్తున్నాను.

లారిక్, 12 కార్బన్లు: 44
మిరిస్టిక్, 14 కార్బన్లు: 54
పామిటిక్, 16 కార్బన్లు: 63
స్టియరిక్, 18 కార్బన్లు: 69
అరాకిడిక్, 20 కార్బన్లు: 75

ఈ పట్టీని పిల్లలకు బట్టీ పట్టించవద్దని మనవి. దాని బదులు ఒక ప్రశ్న అడగండి: రెండు కార్బన్లు పెరిగినప్పుడల్లా ఎన్ని డిగ్రీలు పెరుగుతోంది? 10, 9, 6, 6. పెరుగుదల క్రమంగా తగ్గుతోంది. మరి 22 కార్బన్లు ఉంటే? 80 దగ్గర ఉండొచ్చని ఊహిస్తే ఆ ఊహ సరిగ్గా సరిపోతుంది. బెహెనిక్ యాసిడ్ 80 దగ్గరే కరుగుతుంది. అంకెల్లో ఒక వరస కనిపెట్టి తర్వాతి అంకెను ఊహించగలగడం సైన్స్‌లో సగం పని.

ఇందులో ఒక చిన్న చమత్కారం కూడా ఉంది. 17 కార్బన్లు ఉన్న యాసిడ్ 16కీ 18కీ మధ్య, 66 దగ్గర కరగాలి కదా? కానీ 61 దగ్గరే కరుగుతుంది. 16 కార్బన్లు ఉన్నదాని కంటే కూడా తక్కువ! అలాగే 15 కార్బన్లు ఉన్నది 52 దగ్గర, అంటే 14 కార్బన్లు ఉన్నదాని కంటే తక్కువ. సరి సంఖ్య చెయిన్లు స్ఫటికంలో పేర్చుకున్నప్పుడు చివరలు బాగా ఒదుగుతాయి. బేసి సంఖ్యవి అంత బాగా ఒదగవు. సరిగా ఒదగని పేర్పు తక్కువ వేడికే చెదిరిపోతుంది.

18 కార్బన్లే, కానీ నూనె ఎందుకు?

పొడవు ఒక్కటే కథ కాదు. స్టియరిక్ యాసిడ్‌కూ, వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే ఒలియిక్ యాసిడ్‌కూ 18 కార్బన్లే. కానీ స్టియరిక్ 69 డిగ్రీల దాకా గట్టిగా ఉంటుంది. ఒలియిక్ 13 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. సన్‌ఫ్లవర్ ఆయిల్‌లో ఎక్కువగా ఉండే లినోలియిక్ యాసిడ్‌కూ 18 కార్బన్లే, అది కరిగేది సున్నాకు 5 డిగ్రీల కింద.

కారణం చెయిన్‌లో వంపు. స్టియరిక్ చెయిన్ చీపురు పుల్లలా తిన్నగా ఉంటుంది. చీపురు పుల్లలు కట్టగట్టడం సులువు. ఒలియిక్ చెయిన్‌లో మధ్యన ఒక డబుల్ బాండ్ ఉంటుంది, అక్కడ చెయిన్ వంగుతుంది. వంకర పుల్లలు దగ్గరగా కట్టగట్టలేం. లినోలియిక్‌లో అలాంటి వంపులు రెండు.

అదే డబుల్ బాండ్ వంపు లేకుండా, తిన్నగా ఉండేలా అమరితే దాన్ని ట్రాన్స్ రూపం అంటారు. అప్పుడు అదే 18 కార్బన్ల అణువు 44 డిగ్రీల దగ్గరి దాకా గట్టిగా ఉంటుంది. నూనెను హైడ్రోజన్‌తో కొంతవరకు మాత్రమే చర్య జరిపించి వనస్పతిగా గట్టిపరిచేటప్పుడు ఈ ట్రాన్స్ రూపాలు తయారవుతాయి. ఇవి గుండెకు మంచివి కావని తేలింది కాబట్టే మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్‌ను 2 శాతానికి పరిమితం చేసింది.

ఇక్కడ ఒక మాట. "ఫ్రిజ్‌లో గట్టిపడే నూనె ఒంట్లో కూడా గట్టిపడుతుంది" అని చాలా ఇళ్లలో అంటుంటారు. ఈ పాఠం ఆ మాటకు సాక్ష్యం కాదు. ఒంట్లోకి వెళ్లిన కొవ్వు ముందు జీర్ణమై విడిపోతుంది, రక్తంలో ప్రోటీన్లతో కలిసి ప్రయాణిస్తుంది. గిన్నెలో పేరుకున్నట్టు పేరుకోదు. ఏ నూనె ఎంత వాడాలన్నది డాక్టర్‌ను అడగాల్సిన విషయం, థర్మామీటర్‌ను కాదు.

ల్యాబ్‌లో ఏం చేస్తాం?

ప్రయోగం చాలా సాదా. ఒక టెస్ట్ ట్యూబ్‌లో స్టియరిక్ యాసిడ్ పలుకులు వేసి, 80 డిగ్రీలకు పైగా ఉన్న వేడి నీళ్ల బీకర్‌లో నిలబెడతాం. మంట మీద నేరుగా పెట్టం. పలుకులన్నీ కరిగి నీళ్లలా తేటగా అయ్యాక థర్మామీటర్ దించి, ట్యూబ్‌ను బయటికి తీసి స్టాండ్‌కు బిగిస్తాం. ఇక అక్కడి నుంచి ప్రతి అర నిమిషానికి ఒకరు టైం చెబుతారు, ఒకరు రీడింగ్ చూస్తారు, ఒకరు రాస్తారు.

మొదట రీడింగ్ గబగబా పడిపోతుంది. తర్వాత ఒకచోట ఆగినట్టు నిలబడుతుంది. ట్యూబ్‌లో తెల్లటి మబ్బు మొదలై గోడల నుంచి లోపలికి గట్టిపడుతూ వస్తుంది. బయట గాలి చల్లగానే ఉంది, ట్యూబ్ నుంచి వేడి పోతూనే ఉంది. అయినా నిమిషాల తరబడి ఉష్ణోగ్రత దాదాపు కదలదు. అంతా గట్టిపడ్డాక మళ్లీ పడడం మొదలవుతుంది. గ్రాఫ్ గీస్తే మధ్యలో మెట్టులాంటి గీత వస్తుంది.

ఆ మెట్టు దగ్గర పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: "వేడి పోతుంటే టెంపరేచర్ ఎందుకు తగ్గడం లేదు?" జవాబు గుప్తోష్ణం. ద్రవంలో ఇష్టం వచ్చినట్టు కదులుతున్న చెయిన్లు వరసలో చేరి కట్టగట్టుకునేటప్పుడు, కరగడానికి తీసుకున్న వేడిని తిరిగి ఇచ్చేస్తాయి. బయటికి పోయే వేడిని ఆ వేడి భర్తీ చేస్తుంది. గట్టిపడడం పూర్తయ్యేదాకా ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగుతుంది. 1760ల్లో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ మంచు కరగడం మీద చేసిన ప్రయోగాలతో కనిపెట్టింది ఈ సంగతే. థర్మామీటర్‌కు కనిపించకుండా దాగి ఉండే వేడి కాబట్టి ఆ పేరు పెట్టాడు.

మెట్టు 55 దగ్గర వస్తే?

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. పుస్తకంలో స్టియరిక్ యాసిడ్ మెల్టింగ్ పాయింట్ 69 అని ఉంటుంది. సీసా మీద స్టియరిక్ యాసిడ్ అనే రాసి ఉంటుంది. కానీ మామూలు రకం సీసాతో చేస్తే గ్రాఫ్‌లో మెట్టు చాలాసార్లు 55 దగ్గర వస్తుంది. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ.

పద్నాలుగు డిగ్రీల తేడా! పిల్లలు వెంటనే థర్మామీటర్ పాడైందంటారు. ఇంకొందరు చేతులు సరిగ్గా పనిచేయలేదనుకుని బిక్కమొహం వేస్తారు. ఇంకొందరు చప్పుడు చేయకుండా 69 అని రాసేస్తారు.

నిజానికి ముగ్గురూ పొరబడ్డారు. థర్మామీటర్ బాగానే ఉంది. చేతులూ బాగానే పనిచేశాయి. 55 అన్నదే ఆ ట్యూబ్‌లో ఉన్న పదార్థం చెప్పిన నిజం.

సబ్బుకూ కొవ్వొత్తికీ వాడే సాధారణ రకం స్టియరిక్ యాసిడ్‌లో స్టియరిక్ దాదాపు సగమే ఉంటుంది. మిగతాది చాలావరకు పామిటిక్ యాసిడ్. పామాయిల్ నుంచో జంతువుల కొవ్వు నుంచో తయారుచేసేటప్పుడు ఆ రెండూ కలిసే వస్తాయి. ఆ పనులకు వాటిని విడదీయాల్సిన అవసరమూ లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆయిల్ పామ్ తోటలు ఎంతగా ఉన్నాయో మీకు తెలిసిందే. ఆ గెలల నుంచి తీసే నూనెలో దాదాపు 44 శాతం పామిటిక్ యాసిడే. ఆ పేరు వచ్చింది కూడా పామ్ నుంచే.

ఇక్కడ మీ పిల్లలను ఒక మెట్టు పైకి తీసుకెళ్లే ప్రశ్న ఉంది. స్టియరిక్ 69 దగ్గర, పామిటిక్ 63 దగ్గర కరుగుతాయి. రెండూ సగం సగం కలిస్తే 66 దగ్గర కరగాలి కదా? 55 ఎందుకు? రెండిటి కంటే తక్కువ ఎలా వచ్చింది?

దీనికి జవాబు మన వీధిలో కుల్ఫీ బండి దగ్గర దొరుకుతుంది. కుల్ఫీ గట్టిపడడానికి ఐసు ముక్కల్లో ఉప్పు వేస్తారు. ఉప్పు కలిస్తే నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టలేవు, ఇంకా చల్లబడాలి. ఉప్పు దానంతట అది వందల డిగ్రీల దగ్గర కరిగే పదార్థమే, అయినా కలిసినప్పుడు కరిగే ఉష్ణోగ్రతను కిందికే లాగుతుంది. ఫ్యాటీ యాసిడ్లలోనూ అంతే. రెండు పొడవుల చెయిన్లు ద్రవంలో హాయిగా కలిసిపోతాయి. కానీ స్ఫటికం కట్టాలంటే వరస కుదరాలి, పొడుగువాటి మధ్య పొట్టివి అడ్డుపడతాయి. అందుకే అవి ఇంకా చల్లబడే దాకా ద్రవంగానే ఉండిపోతాయి. ఏదైనా శుద్ధ పదార్థంలో వేరేది కాస్త కలిసినా మెల్టింగ్ పాయింట్ సాధారణంగా పడిపోతుంది, కరగడం కూడా ఒకే చోట కాకుండా కొన్ని డిగ్రీల మేర సాగుతుంది.

అంటే మన దగ్గర ఉన్న థర్మామీటర్ వట్టి వేడి కొలిచేది మాత్రమే కాదు, కల్తీ పట్టేది కూడా. 69 అని రాసిన పిల్లవాడికి పుస్తకంలో ఉన్నదే తెలిసింది. 55 అని రాసి "ఎందుకు?" అన్న పిల్లవాడికి సీసాలో ఏముందో తెలిసింది.

పెద్దవాళ్లను కూడా బోల్తా కొట్టించిన మిశ్రమం

ఈ మిశ్రమానికి పెద్ద చరిత్రే ఉంది. ఫ్రాన్స్‌లో మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1786లో పుట్టి 1889 దాకా, నూట రెండేళ్లు బతికాడు. కొవ్వుల్లో ఏముందో మొదటిసారి పద్ధతిగా తేల్చింది ఆయనే. 1823లో దాని మీద పుస్తకం వేశాడు. ఒక పదార్థం శుద్ధంగా ఉందా లేదా అని తేల్చడానికి మెల్టింగ్ పాయింట్‌నే గీటురాయిగా వాడాడు. మళ్లీ మళ్లీ శుద్ధి చేసినా కరిగే ఉష్ణోగ్రత ఇక మారకపోతే, అది ఒకే పదార్థం అని లెక్క.

కొవ్వుల్లో ఆయన కనిపెట్టిన వాటిలో ముత్యంలా మెరిసే ఒక యాసిడ్ ఉంది. గ్రీకు భాషలో ముత్యాన్ని సూచించే మాటతో దానికి మార్గరిక్ యాసిడ్ అని పేరు పెట్టాడు. తర్వాత వచ్చిన మార్గరిన్ అనే పేరు దాని నుంచి వచ్చిందే. దశాబ్దాల పాటు అందరూ మార్గరిక్‌ను ఒక ప్రత్యేక యాసిడ్‌గానే నమ్మారు. 1850ల్లో జర్మన్ శాస్త్రవేత్త హైంట్జ్ దాన్ని ఓపికగా భాగాలు భాగాలుగా విడదీస్తూ, మెల్టింగ్ పాయింట్లు కొలుస్తూ వెళ్లి తేల్చిందేమిటంటే, అది ఒకే యాసిడ్ కాదు. స్టియరిక్, పామిటిక్ యాసిడ్ల మిశ్రమం!

అంటే మన స్కూల్ ల్యాబ్ సీసాలో ఉన్న జంటే ఆనాడు శాస్త్రవేత్తలందరినీ పొరబడేలా చేసింది. అనుకున్న దానికీ కొలిచిన దానికీ తేడా వచ్చినప్పుడు ఒకరు కొలతను చెరపకుండా పట్టుకుని వెళ్లారు కాబట్టే నిజం బయటపడింది. ఇది పిల్లలకు చెప్పండి. 55 వచ్చిందని బిక్కమొహం వేసినవాడు తలెత్తుకుంటాడు.

వేడిని లెక్కించడం ఎలా?

పదో తరగతి పిల్లలు ఇంకో అడుగు వేయొచ్చు. ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో తెలిసింది, ఎంత వేడి దాగి ఉందో కూడా కొలవొచ్చు. ఇదే గుప్తోష్ణం లెక్క. ఒక ఉదాహరణ తీసుకుందాం.

20 గ్రాముల స్టియరిక్ రకం యాసిడ్ కరిగి 60 డిగ్రీల దగ్గర ఉంది. దాని ట్యూబ్‌ను థర్మోకోల్ కప్పులో 28 డిగ్రీల దగ్గరున్న 200 గ్రాముల నీళ్లలో పెట్టి మెల్లగా కలుపుతున్నాం. యాసిడ్ గట్టిపడి చల్లబడ్డాక నీళ్లు 33.4 డిగ్రీలకు చేరాయనుకుందాం.

నీళ్లు తీసుకున్న వేడి: 200 × 4.18 × 5.4 = 4,514 జౌల్స్.

ఈ వేడిలో కొంత యాసిడ్ ఊరికే చల్లబడడం వల్ల వచ్చింది. గ్రాముకు, డిగ్రీకి దాదాపు 2 జౌల్స్ అనుకుంటే: 20 × 2 × 26.6 = 1,064 జౌల్స్.

మిగిలింది 3,450 జౌల్స్. దాన్ని 20 గ్రాములతో భాగిస్తే గ్రాముకు సుమారు 172 జౌల్స్.

శుద్ధ స్టియరిక్ యాసిడ్‌కు ఈ విలువ గ్రాముకు 200 జౌల్స్ దగ్గర ఉంటుంది. మంచుకు 334. మనకు 172 వచ్చింది. మళ్లీ రబ్బరు తీసుకోవాలా? అక్కర్లేదు. తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్కటే రాయాలి. కొంత వేడి గాలికీ కప్పుకూ పోయింది, దానివల్ల లెక్క తగ్గుతుంది. టెస్ట్ ట్యూబ్ గాజు కూడా తన వేడిని నీళ్లకు ఇచ్చింది, దానివల్ల లెక్క పెరుగుతుంది. పైగా మనది మిశ్రమం. చివరిగా థర్మామీటర్. నీళ్ల ఉష్ణోగ్రత చూడడంలో అర డిగ్రీ పొరపడితే చాలు, జవాబులో గ్రాముకు 20 జౌల్స్‌కు పైగా తేడా వస్తుంది. మీ పిల్లలనే లెక్క వేసి చూడమనండి. "కంటిని పాదరసం మట్టానికి సరిగ్గా పెట్టి చూడు" అని టీచర్లు ఎందుకు వెంటపడతారో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది.

పెద్ద ల్యాబుల్లో

పరిశోధన సంస్థల్లో ఇదే పనికి డిఎస్‌సి అనే యంత్రం వాడతారు. 1960ల మొదట్లో వచ్చింది. ఇందులో కొన్ని మిల్లీగ్రాముల పదార్థం చాలు. దాన్ని బియ్యపు గింజంత అల్యూమినియం గిన్నెలో పెట్టి, పక్కన అలాంటిదే ఖాళీ గిన్నె పెట్టి, రెండిటినీ నిమిషానికి ఇన్ని డిగ్రీలని ఒకే వేగంతో వేడి చేస్తారు. పదార్థం కరిగే చోట దాని గిన్నెకు ఎక్కువ వేడి కావాలి. ఆ తేడాను యంత్రం గ్రాఫ్‌లో కొండలా గీస్తుంది. కొండ ఎక్కడ మొదలైందో అది మెల్టింగ్ పాయింట్. కొండ కింద ఉన్న వైశాల్యం గుప్తోష్ణం.

అంత ఖరీదైన యంత్రాన్ని కూడా ఎవరూ గుడ్డిగా నమ్మరు. ముందు ఇండియం అనే శుద్ధ లోహాన్ని అందులో కరిగిస్తారు. అది 156.6 డిగ్రీల దగ్గర కరగాలి. యంత్రం ఇంకోటి చూపిస్తే యంత్రాన్నే సరిదిద్దుతారు. మన ల్యాబ్‌లో థర్మామీటర్‌ను ముందు కరుగుతున్న ఐసులో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూడడం కూడా ఇదే ఆచారం.

పొడవైన చెయిన్లతో ఇంకో చిక్కు ఉంది. అవి ఒకే రకంగా స్ఫటికం కట్టవు. ఎంత నెమ్మదిగా చల్లార్చాం అన్నదాన్ని బట్టి పేర్పు మారుతుంది. ఇంట్లో నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస కడుతుంది, గబుక్కున ఫ్రిజ్‌లో పెడితే నున్నగా గడ్డకడుతుంది. పుట్టినరోజుకు పిల్లలు తెచ్చే చాక్లెట్లు బ్యాగులో కరిగి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర వస్తుంది చూశారా? అది చాలాసార్లు బూజు కాదు, కోకో కొవ్వు వేరే పేర్పులో స్ఫటికం కట్టడం. కోకో కొవ్వుకు అలాంటి ఆరు పేర్పులు ఉన్నాయి. నోట్లో హాయిగా కరిగే పేర్పు వాటిలో ఒక్కటే, అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చాక్లెట్ తయారీదారులు డిగ్రీల లెక్కన జాగ్రత్తపడేది ఆ ఒక్కదాని కోసమే.

ఈ కొలతలు ఇంకా చాలాచోట్ల కావాలి. ఎండ వేడిని పగలు దాచుకుని రాత్రి ఇచ్చే పదార్థాలుగా ఫ్యాటీ యాసిడ్లను పరిశోధిస్తున్నారు. ఎన్ని డిగ్రీల దగ్గర ఎంత వేడి దాచుకుంటుందో కచ్చితంగా తెలియకపోతే ఆ పని సాగదు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో, అనంతపురంలోని చమురు సాంకేతిక పరిశోధన సంస్థలో నూనెలు, కొవ్వుల మీదే పనిచేసే శాస్త్రవేత్తలు ఉన్నారు. మీ పిల్లలకు ఇది కూడా ఒక కెరీర్ అని తెలియనివ్వండి. ఇంజినీరింగ్, మెడిసిన్ రెండే దారులు కావు.

ఇంట్లో చేసి చూడండి

కావలసినవి: కొబ్బరి నూనె, సన్‌ఫ్లవర్ ఆయిల్, రెండు చిన్న స్టీలు గిన్నెలు, వంటింటి డిజిటల్ థర్మామీటర్, గడియారం, గ్రాఫ్ పేపర్. జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం వాడవద్దు, అది ఈ పనికి పనికిరాదు, పగిలితే ప్రమాదం కూడా.

1. రెండు గిన్నెల్లో నాలుగేసి చెంచాల నూనె పోసి, కొబ్బరి నూనె గిన్నెలో థర్మామీటర్ మొన నూనెలో మునిగేలా నిలబెట్టి, రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. కొబ్బరి నూనె తెల్లగా గట్టిపడుతుంది. సన్‌ఫ్లవర్ ఆయిల్ ద్రవంగానే ఉంటుంది. ఎందుకో పై పాఠం చూసి పిల్లలనే చెప్పమనండి.

2. కొబ్బరి నూనె గిన్నెను బయటపెట్టి, నిమిషానికి ఒకసారి రీడింగ్ రాయమనండి. అంతా కరిగేదాకా ఆపవద్దు.

3. గ్రాఫ్ గీయమనండి. 24, 25 డిగ్రీల దగ్గరికి వస్తుంటే గీత పైకి లేవడం నెమ్మదిస్తుంది. కానీ అక్కడ చదునైన మెట్టు రాదు, ఏటవాలుగా వస్తుంది. కొబ్బరి నూనె ఒకే పదార్థం కాదు, ఎన్నో కొవ్వుల మిశ్రమం. గ్రాఫ్ ఆ సంగతి చెబుతోంది.

4. మరుసటి రోజు మళ్లీ చేయమనండి. రెండు రోజుల అంకెలూ పక్కపక్కన రాయమనండి. తేడా ఉంటే చెరపవద్దు.

చలికాలంలో ఆదిలాబాద్ వైపో, అరకు వైపో చుట్టాలుంటే ఫోన్ చేసి కొబ్బరి నూనె సీసా ఎలా ఉందో అడగమనండి. ఎండలో పెట్టి కరిగించుకునే మన పెద్దవాళ్లకు ఈ మెల్టింగ్ పాయింట్ ఎప్పుడో తెలుసు.

పిల్లలను ఏం అడగాలి?

మీ తొందర నాకు తెలుసు. ఫీజు కడుతున్నారు, మార్కులు రావాలని కోరుకుంటారు. ప్రాక్టికల్ రికార్డుకూ మార్కులు ఉంటాయి. పుస్తకంలో ఉన్న అంకె రాస్తే మార్కులు పోవని పిల్లలు అనుకోవడం కూడా సహజమే. కానీ రికార్డు దిద్దేటప్పుడు నేను చూసేది మూడు విషయాలు: రీడింగులు ఎప్పటికప్పుడు రాశారా, గ్రాఫ్ ఆ రీడింగులతోనే గీశారా, పుస్తకంలోని విలువకు తేడా ఉంటే కారణం ఆలోచించారా. 55 వచ్చి కారణం రాసిన రికార్డుకు, 69.0 అని అందంగా రాసిన రికార్డు కంటే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

రేపు ఇంటర్‌లో, ఆ తర్వాత కాలేజీల్లో ల్యాబ్ పని పెరుగుతుంది. ఒక మందు డోసు కొలిచే చోట, ఒక బ్రిడ్జి బరువు కొలిచే చోట మన పిల్లలే కూర్చుంటారు. వచ్చిన అంకె నచ్చకపోతే చెరిపేసే అలవాటు ఆ కుర్చీ దాకా వెళ్లకూడదు. అలవాటు పడేది ఈ వయసులోనే.

అందుకే ఇంట్లో "ఆన్సర్ కరెక్ట్ వచ్చిందా?" అని అడిగే బదులు ఇలా అడిగి చూడండి:

"ఎన్నిసార్లు చూశావు? ప్రతిసారీ ఒకటే వచ్చిందా?"
"పుస్తకంలో ఉన్నదానికీ నీకు వచ్చినదానికీ తేడా ఎంత? ఎందుకనుకుంటున్నావు?"
"మళ్లీ చేస్తే ఏం మారుస్తావు?"

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు రికార్డు బుక్కు కూడా అడిగి తీసుకోండి. మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక గ్రాఫ్ వివరించమనండి. ఇంట్లో చేసిన కొబ్బరి నూనె గ్రాఫ్ ఉంటే అదీ తీసుకురండి. ఎవరిది ఎక్కడ నెమ్మదించిందో, ఎందుకు తేడా వచ్చిందో అందరం కలిసి చూద్దాం. కొట్టివేతలు ఉన్నా ఫరవాలేదు. కింద ఉన్న పాత అంకె కనబడేలా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన కారణం రాస్తే చాలు.

ఇట్లు,
మీ పిల్లల సైన్స్ టీచర్